రసీదు చేతికొచ్చింది, లెక్క ఎక్కడ?

ఏప్రిల్ నెలాఖరు దగ్గరపడితే విశాఖ వన్ టౌన్‌లో ఇంటిపన్ను హడావుడి మొదలవుతుంది. ఏడాది పన్ను మొత్తం 30వ తేదీలోగా ఒకేసారి కట్టేస్తే ఐదు శాతం రిబేటు. ఆ ఐదు శాతం కోసం బురుజుపేట, వెలంపేట, కోట వీధి పెద్దవాళ్లు పాత రసీదుల కట్ట పట్టుకుని వార్డు సచివాలయానికో, కార్పొరేషన్ కౌంటర్‌కో చేరతారు. వాళ్లలో పింఛను డబ్బుల్లోంచి తీసి కట్టేవాళ్లు ఎక్కువ. నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటారు. అంతటితో పౌరుడికీ కార్పొరేషన్‌కూ ఆ ఏడాది సంబంధం తీరిపోతుంది. ఆ డబ్బు ఏమైందో వాళ్లకు చెప్పేవారు ఉండరు. అడిగే అలవాటు మనకూ ఎప్పుడో తప్పిపోయింది.

పన్ను కట్టడం ఎంత బాధ్యతో, దాని లెక్క అడగడం కూడా అంతే బాధ్యత. ఈ రెండింటినీ విడదీసుకున్నాం కాబట్టే మన పట్టణాల్లో ఏ పన్ను పేరెత్తినా గొడవ తప్ప చర్చ జరగడం లేదు.

ఈ మాట వన్ టౌన్ నుంచే ఎత్తుకోవడానికి కారణం ఉంది. విశాఖలో పురపాలన పుట్టింది ఇక్కడే. ఊరి జనం కోరితేనే పన్ను వేసుకుని వీధులు, కాలువలు, చెరువులు బాగుచేసుకోవచ్చనీ, దీపాలు పెట్టుకోవచ్చనీ 1850లో ఒక చట్టం వచ్చింది. ఆ దారిలోనే 1858లో విశాఖపట్నంలో మునిసిపల్ వాలంటరీ అసోసియేషన్ ఏర్పడింది. మూడేళ్లకు, 1861లో, భీమునిపట్నం మునిసిపాలిటీ వచ్చింది. తెల్లదొరలకూ జమీందార్లకూ పెద్ద వర్తకులకూ తప్ప సామాన్యుడి మాటకు విలువలేని రోజులే అవి. అయినా ఊరి అవసరానికి ఊరే డబ్బు పోగుచేసుకోవాలనే ఆలోచన ఈ ఇరుకు వీధుల్లోనే మొదలైంది. 1979లో అది కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాక మునిసిపాలిటీనీ, 32 గ్రామాలనూ కలుపుకుని గ్రేటర్ విశాఖ అయింది. ఊరు పెరిగినకొద్దీ పన్ను కట్టే మనిషికీ, ఖర్చు నిర్ణయించే బల్లకూ మధ్య దూరం కూడా పెరుగుతూ పోయింది.

ఆ దూరం ఎంతో తెలియాలంటే డిమాండ్ నోటీసు ఒకసారి నిదానంగా చదవాలి. ఇంటిపన్ను అని మనం ఒక్క మాటలో అనేదానిలో సాధారణ పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ, వీధి దీపాలు, పారిశుద్ధ్యం అన్నీ కలిసి ఉంటాయి. వాటికి తోడు చాలామంది కంటికి ఆనని ఒక పద్దు ఉంటుంది. అది గ్రంథాలయ సెస్సు. 1960 నాటి రాష్ట్ర పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున దీన్ని వసూలు చేస్తారు. వసూలు చేసేది కార్పొరేషన్, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. అంటే ఇది కార్పొరేషన్ సొమ్ము కాదు. మరొకరికి అందజేయమని మనం దాని చేతికిచ్చిన సొమ్ము.

తెలుగువాళ్లకు ఈ సెస్సు వెనుక ఒక చరిత్ర ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు రాష్ట్రం స్వతంత్ర భారతంలో తొలిసారిగా గ్రంథాలయ చట్టం చేసింది. పుస్తకం చదవడం పౌరుడి హక్కనీ, దాని ఖర్చు అందరూ తలా కొంత భరించాలనీ ఆ చట్టం ఒప్పుకుంది. అంత గొప్ప ఆలోచన కాలక్రమంలో రసీదు మీద ఒక చిన్న అంకెగా మిగిలింది. పురపాలక సంస్థలు సెస్సు వసూలు చేసి కూడా గ్రంథాలయ సంస్థలకు జమ చేయడం లేదనీ, బకాయిలు కోట్లలో పేరుకున్నాయనీ రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లో ఏళ్ల తరబడి వార్తలు వస్తూనే ఉన్నాయి. శాఖా గ్రంథాలయంలో కొత్త పుస్తకం లేదు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు కూర్చునే చోటు చాలదు, పోస్టులు ఖాళీ. కట్టిన మనిషి మాత్రం కడుతూనే ఉన్నాడు. ఒక నిర్దిష్టమైన పని కోసమని పేరుపెట్టి తీసుకున్న ఎనిమిది పైసలకే జవాబు లేనప్పుడు, పేరులేకుండా పెద్ద ఖజానాలో కలిసిపోయే రూపాయల సంగతి అడగడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అమెరికాలో పిల్లలున్న కుటుంబాలు విశాఖలో ఎన్నో ఉన్నాయి. ఆరు నెలలు అక్కడ ఉండి వచ్చిన తల్లిదండ్రులు తప్పకుండా చెప్పే విషయం ఒకటుంది. నడిచి వెళ్లేంత దూరంలో లైబ్రరీ, అందులో మనవళ్లకు కథలు చెప్పే గది, అడిగితే తెప్పించి ఇచ్చే పుస్తకాలు. అది ఎవరి దయతోనో నడుస్తున్నది కాదు. ఒహాయో వంటి రాష్ట్రాల్లో స్థానిక గ్రంథాలయానికి ఆస్తిపన్నులో ఎంత వాటా ఇవ్వాలో స్థానికులే బ్యాలెట్ మీద ఓటేసి తేలుస్తారు. గడువు తీరాక ఆ పన్నును కొనసాగించాలా వద్దా అని మళ్లీ ఓటింగు పెడతారు. టెక్సస్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుర్రాడికి వచ్చే ఆస్తిపన్ను బిల్లులో కౌంటీకి ఎంత, సిటీకి ఎంత, స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఎంత, కమ్యూనిటీ కాలేజీకి ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. అన్నిటికంటే పెద్ద వాటా బడిదే. నగరాలూ కౌంటీలూ ఆస్తిపన్ను రాబడిని ఏడాదిలో మూడున్నర శాతం మించి పెంచుకోదలిస్తే ఓటర్ల అనుమతి తీసుకోవాలని ఆ రాష్ట్రం 2019లో చట్టం చేసింది. అక్కడి పన్ను మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో ఆస్తిపన్ను జాతీయోత్పత్తిలో రెండున్నర శాతానికి పైగా ఉంటే, మన దేశంలో 0.2 శాతం దగ్గరే ఆగిపోయింది. అంత కడుతున్నా అక్కడ చాలామంది ఓర్చుకోవడానికి ఒక ముఖ్యమైన కారణం, ఎక్కడికి పోతోందో బిల్లు మీదే కనబడటం.

ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోమని దీని అర్థం కాదు. ఇంటి విలువ మీద వచ్చే పన్నుతో బడి నడిస్తే, డబ్బున్న పేటలో మంచి బడి, పేద పేటలో నాసి బడి వస్తాయి. అమెరికా దశాబ్దాలుగా ఆ అన్యాయంతో పెనుగులాడుతోంది. పన్ను కట్టేవాడే అసలు పౌరుడు, మిగతావాళ్లు అతని మీద పడి తినేవాళ్లు అనే అహంకారం కూడా అక్కడ బలంగానే ఉంది. 2012 అధ్యక్ష ఎన్నికల్లో మిట్ రోమ్నీ 47 శాతం జనాన్ని ఆదాయపన్ను కట్టని, ప్రభుత్వం మీద ఆధారపడే బాపతుగా జమకట్టి మాట్లాడటం పెద్ద దుమారమైంది. వాళ్లలో చాలామంది జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పన్ను కడుతున్నారు, కొన్న ప్రతి వస్తువు మీదా అమ్మకపు పన్ను కడుతున్నారు. ఆ లెక్క ఆయన మాటల్లో లేదు.

ఇదే మాట మన దగ్గర ‘మా పన్నులతో ఉచితాలు’ అనే రూపంలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ తిరుగుతోంది. కురుపాం మార్కెట్ దగ్గర బస్తాలు మోసే కళాసీ ఇంటిపన్ను రసీదు చూపించలేడు. కానీ అతను కట్టే అద్దెలో ఆ ఇంటి పన్ను కలిసే ఉంటుంది. అతను కొనే సబ్బులో, చెప్పుల్లో, సెల్‌ఫోన్ రీచార్జ్‌లో జీఎస్టీ ఉంటుంది. తన సంపాదనలో ఎంత భాగం పన్నుగా పోతోందో చూస్తే, బీచ్ రోడ్డు ఫ్లాట్ యజమాని కంటే అతనేమీ తక్కువ భారం మోయడం లేదు. లెక్క అడిగే హక్కు రసీదు ఉన్నవాళ్లకే అంటే సగం ఊరిని బయటికి నెట్టేసినట్టే. ఇంటిపన్ను కట్టే మధ్యతరగతి తన కోపాన్ని ఆ కళాసీ మీద చూపించినంత కాలం, లెక్క చెప్పాల్సినవాళ్లు నిశ్చింతగా ఉంటారు.

లెక్క ఎవరిని అడగాలి? వార్డు కార్పొరేటర్‌ను. కానీ విశాఖకు ఆ మనిషే లేని కాలం ఒకటి గడిచింది. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది. మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చి 10న. పట్టణ సంస్థల గడువు ఐదేళ్లేననీ, అది తీరకముందే ఎన్నిక ముగించాలనీ రాజ్యాంగంలోని 243యు అధికరణం చెబుతోంది. ఐనా తొమ్మిదేళ్లపాటు ఈ నగరం ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచింది. భీమిలి, అనకాపల్లి విలీనం, వార్డుల విభజన, కోర్టు కేసులు అంటూ కారణాలు చాలా చెప్పారు. ఆ తొమ్మిదేళ్లలోనే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి నగరాన్ని అతలాకుతలం చేసింది. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి 20 పేర్లలో విశాఖ చేరింది. 2018 డిసెంబరులో కార్పొరేషన్ బాండ్లు అమ్మి 80 కోట్ల రూపాయలు అప్పు తెచ్చింది. ఏ వీధికి ముందు రోడ్డు వేయాలి, ఏ అప్పు చేయాలి అన్న నిర్ణయాలన్నీ మనం ఎన్నుకున్న ఒక్క సభ్యుడు కూడా లేకుండా జరిగిపోయాయి. ఇంటిపన్ను వసూలు మాత్రం ఒక్క అర్ధ సంవత్సరమైనా ఆగలేదు.

ప్రాతినిధ్యం లేని పన్ను చెల్లదంటూ 1773 డిసెంబరులో బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు సముద్రంలో పడేసిన కథ మన పిల్లలు బడిలో చదువుకుంటారు. మన చీరాల-పేరాల కథ అంతకంటే కఠినమైనది. ఆ రెండు ఊళ్లనూ కలిపి జనం వద్దంటున్నా ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలాది మంది ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని పదకొండు నెలలు గుడిసెల్లో ఉన్నారు. ఎండనూ వాననూ ఓర్చుకుంది నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి కాదు. మమ్మల్ని అడగకుండా మా మీద పన్ను వేయకూడదన్నదే వాళ్ల మాట. ఆ మాటకు వారసులైన మనం తొమ్మిదేళ్లు పాలకవర్గం లేకుండా పన్ను కడుతూ కూర్చున్నాం. కోర్టుకు వెళ్లినవాళ్లు కొందరు, లేఖలు రాసినవాళ్లు కొందరు ఉన్నారు. నగరం మాత్రం కదలలేదు.

పాలకవర్గం లేకపోయినా, ఉండి దాని మాట చెల్లకపోయినా ఏమవుతుందో అమెరికాలోని ఫ్లింట్ పట్టణం చూపించింది. మిషిగన్ రాష్ట్రంలో కార్ల ఫ్యాక్టరీలు మూతబడి అప్పుల్లో పడిన ఆ లక్షమంది ఊరికి గవర్నర్ అత్యవసర మేనేజర్‌ను పెట్టాడు. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీళ్లు మానేసి ఫ్లింట్ నది నీళ్లు కుళాయిల్లోకి వదిలారు. పైపుల్లోని సీసం కరిగి పిల్లల రక్తంలోకి చేరింది. ఎన్నికైన కౌన్సిల్ 2015 మార్చిలో పాత నీళ్లకు మళ్లిపోదామని ఓటేసినా ఆ మేనేజర్ ఒప్పుకోలేదు. ఆయన జనానికి జవాబుదారీ కాదు కాబట్టి ఒప్పుకోవలసిన అవసరం ఆయనకు లేకపోయింది. విశాఖలో అంతటి ఘోరం జరగలేదు. కానీ ఆ తొమ్మిదేళ్లూ మనల్ని కాపాడింది వ్యవస్థ కాదు, అధికారుల్లో కొందరి మంచితనం. దాన్ని నమ్ముకుని ఇరవై లక్షల మంది ఉన్న ఊరిని నడపకూడదు.

విశాఖకు కొత్త పాలకవర్గం రాకముందే పన్ను పద్ధతిని మార్చే చట్టం వచ్చేసింది. 2020లో కేంద్రం రాష్ట్రాల అప్పు పరిమితి పెంచుతూ, అందులో కొంత భాగానికి ఇంటిపన్నును రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలన్న షరతు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ఆ సంవత్సరమే చట్టం సవరించి, అద్దె విలువ మీద లెక్కగట్టే పాత పద్ధతి బదులు 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేసే పద్ధతి తెచ్చింది. అందుకు ప్రతిగా 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి వచ్చింది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా పన్ను. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న హామీ. కాలనీ సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు అప్పట్లో గట్టిగానే వ్యతిరేకించాయి.

పాత పద్ధతి గొప్పదేమీ కాదు. నివాసాల అద్దె విలువలు 2002 తర్వాత సవరించలేదు. ఒకే వీధిలో కొత్తగా కట్టిన ఇంటికి ఒక పన్ను, పక్కనున్న పాత మేడకు అందులో నాలుగో వంతు వంటి అన్యాయాలు పేరుకుపోయాయి. సవరణ కావలసిందే. చిక్కు వేరేచోట ఉంది. వన్ టౌన్‌లో తాతల నాటి పెంకుటింట్లో ఉండే ముసలిదంపతుల ఆదాయం పెరగదు, కానీ వాళ్ల కింద ఉన్న నేల విలువ ఏటా పెరుగుతుంది. ఆ నేలను అమ్ముకుంటే తప్ప ఆ విలువ వాళ్ల చేతికి రాదు. ఏడాదికి 15 శాతమంటే వినడానికి చిన్నదే. రెండు వేల రూపాయల పన్ను ఐదేళ్లు వరసగా అలా పెరిగితే నాలుగు వేలు దాటుతుంది. కాలిఫోర్నియా వృద్ధులు సరిగ్గా ఇదే బాధతో 1978లో ప్రొపొజిషన్ 13ను గెలిపించారు. పన్ను విలువలో ఒక శాతం మించకూడదు, లెక్కలోకి తీసుకునే విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగకూడదు అని ఆ రాష్ట్ర రాజ్యాంగంలో రాయించారు. దాని ఫలితం రెండు వైపులా పదునైనది. వృద్ధులు ఇళ్లలో నిలిచారు. స్థానిక సంస్థల రాబడి మాత్రం ఒక్కసారిగా పడిపోయి, బడుల ఖర్చు కోసం రాష్ట్ర ప్రభుత్వం ముందు చేయి చాచాల్సి వచ్చింది. కోపంలో వేసిన ఓటు నాలుగు దశాబ్దాలకు పైగా ఆ రాష్ట్రాన్ని కట్టిపడేసింది. మన దగ్గర ఆ రెండు చివరలూ వద్దు. సొంత ఇల్లు ఒక్కటే ఉండి, స్థిరాదాయం లేని వృద్ధులకు పెంపును ఆపి, ఇల్లు చేతులు మారినప్పుడు ఆ తేడా రాబట్టుకునే మార్గం ఉంది. కమర్షియల్ కాంప్లెక్స్‌కూ పెంకుటింటికీ ఒకే తూకం పెట్టనక్కర్లేదు.

మన రాజకీయానికి ఇలాంటి ఓపిక లేదు, దానికి తెలిసిన మందు మాఫీ ఒక్కటే. 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమంలో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా చెత్త రుసుము పెట్టారు. జనం దాన్ని చెత్తపన్ను అన్నారు, అసహ్యించుకున్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో అప్పటికి కొత్తగా వచ్చిన ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పెట్టినప్పుడు ఆ డబ్బుతో ఎన్ని బండ్లు, ఎందరు కార్మికులు, ఎంత చెత్త అన్న లెక్క వార్డుల వారీగా జనం ముందు పెట్టలేదు. తీసేసినప్పుడు ఆ ఖర్చు ఇక ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు. చెత్త మాత్రం రోజూ వస్తూనే ఉంది. దాన్ని ఎత్తే కార్మికుడికి జీతం ఏదో ఒక పద్దులోంచి రావాలి. బకాయిదారులకు ప్రభుత్వాలు అప్పుడప్పుడూ ప్రకటించే వడ్డీ మాఫీలు ఇంకా అన్యాయం. గడువులో కట్టినవాడికి దక్కేది ఐదు శాతం. ఏళ్ల తరబడి ఎగ్గొట్టినవాడికి వడ్డీ మొత్తమో సగమో పోతుంది. పెద్ద బకాయిలు సాధారణంగా పెద్ద ఆస్తులవే. పన్ను ఎగవేతను ఇంత బాహాటంగా ప్రోత్సహించి, బాధ్యత గురించి బడిపిల్లలకు పాఠం చెప్పలేం.

వన్ టౌన్ వాళ్లు పన్ను గురించి అడగవలసిన అసలు ప్రశ్న వాళ్ల కిటికీల మీదే ఉంది. పొద్దున తుడిచిన కిటికీ చట్రం సాయంత్రానికి వేలితో గీస్తే గీత పడేంత నల్లబడుతుంది. ఆరేసిన తెల్లచొక్కా మీద పొడి వాలుతుంది. 1933లో తెరిచిన పోర్టు ఈ పేటల పక్కనే ఉంది. బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలు గాలికి లేస్తాయి. పోర్టు నీళ్లు చల్లుతోంది, టార్పాలిన్లు కప్పుతోంది, చెట్లు పెంచుతోంది, యంత్రాలతో సరుకు ఎత్తే ఏర్పాట్లు పెంచింది. అయినా దగ్గూ ఆయాసం ఈ వీధుల్లో మామూలు మాటలైపోయాయి.

ఈ దుమ్ము ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మొదట ఇంటివాళ్లు, మందుల దుకాణంలో. ఆ తర్వాత పన్ను కట్టేవాళ్లు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం పది లక్షలు దాటిన నగరాలకు గాలి కోసం ప్రత్యేక నిధులు ఇచ్చింది. దేశమంతటా ఆ కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్ల దుమ్ము అదుపుకే ఖర్చయిందని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో తేల్చింది. పుట్టేచోట ఆపని దుమ్మును పడేచోట ప్రజల డబ్బుతో తుడుస్తున్నాం.

అమెరికా ఈ ప్రశ్నకు ఒక సమాధానం ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకుని, మళ్లీ ఇచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్‌లో ఇళ్ల కింద పూడ్చిన రసాయనాలు 1978లో బయటపడ్డాక, 1980లో సూపర్‌ఫండ్ చట్టం చేశారు. విషం మిగిల్చినవాడే శుభ్రం చేయాలి, వాడు దొరక్కపోతే చమురు, రసాయన పరిశ్రమల మీద వేసిన ప్రత్యేక పన్నుతో చేయాలి. 1995లో ఆ పన్ను గడువు తీరిపోతే పొడిగించలేదు. అప్పటినుంచి భారం నెమ్మదిగా మామూలు పన్ను చెల్లింపుదారుల మీదకు జరిగింది. 2021లో చేసిన చట్టంతో రసాయనాల మీద పన్ను తిరిగి తెచ్చారు. టన్ను సరుకు దిగితే టన్నుకు ఇంత అని వన్ టౌన్ ఆరోగ్యానికి, కప్పు ఉన్న గోదాములకు విడిగా జమ చేసే పద్ధతి మన పోర్టు దగ్గర ఎందుకు ఉండకూడదు?

పోర్టు కేంద్రం చేతిలోది కాబట్టి దీనికి అడ్డుపడే వాదన రాజ్యాంగంలోని 285వ అధికరణం. కేంద్రం ఆస్తులపై రాష్ట్రం గానీ, స్థానిక సంస్థలు గానీ పన్ను వేయకూడదని అది చెబుతుంది. నేవీ, రైల్వే, కేంద్ర కార్యాలయాలు ఇంత విస్తారంగా ఉన్న విశాఖలో ఈ అధికరణం బరువు తక్కువేం కాదు. అంత భూమి పన్ను లెక్కలోంచి జారిపోతే మిగతా ఇళ్ల మీద భారం పెరుగుతుంది. కానీ చట్టం చెప్పింది అక్కడితో ఆగలేదు. ప్రత్యేక చట్టంతో ఏర్పడిన సంస్థ ఆస్తి కేంద్రం ఆస్తి కిందికి రాదని విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నేరుగా కేంద్రానివైన ఆస్తులకు కూడా పన్ను బదులు సేవా రుసుము చెల్లించాలని రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో 2009 నవంబరులో ఒప్పందం కుదిరింది. కార్పొరేషన్ సేవలు పూర్తిగా వాడుకుంటే మామూలు పన్నులో 75 శాతం, కొంత వాడుకుంటే 50, ఏమీ వాడుకోకపోయినా మూడో వంతు. విశాఖలో ఏ కేంద్ర సంస్థ ఎంత కట్టాలి, ఎంత కట్టింది, ఎంత వివాదంలో ఉంది అన్న పట్టిక ప్రతి ఏప్రిల్‌లో నోటీసు బోర్డు మీద పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఇంటి తలుపు మీద బకాయిదారు అని నోటీసు అంటించగలిగిన కార్పొరేషన్ ఇదీ చేయగలదు.

వార్డు లెక్క కూడా అలాగే అడగవచ్చు. మూడు లక్షలు దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 1992 నాటి 74వ సవరణ తెచ్చిన 243ఎస్ అధికరణం చెబుతోంది. కమిటీ కూర్చుంటే మన వీధిలో పోయిన ఏడాది కాలువ మీద పెట్టిన ఖర్చెంత, దీపాల కరెంటు బిల్లెంత, గ్రంథాలయ సెస్సు ఎంత వసూలై ఎంత జమైంది అని అడిగే వేదిక ఒకటి దొరుకుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేల కోట్ల బడ్జెట్‌ను కౌన్సిల్ పార్టీ గొడవల మధ్య ఆమోదిస్తుంది. అందులో ఒక వార్డు వాటా ఎంతో ఆ వార్డు జనానికి చెప్పే పేజీ ఒక్కటి లేదు. డిమాండ్ నోటీసు వెనుకవైపు ఖాళీగానే ఉంటుంది. పోయిన ఏడాది వార్డులో వసూలైనది ఇంత, ఖర్చు చేసింది ఇంత అని అక్కడ నాలుగు వరుసలు అచ్చువేస్తే కార్పొరేషన్‌కు అదనంగా అయ్యే ఖర్చు సిరా ఒక్కటే. పుణె కార్పొరేషన్ 2006 నుంచి బడ్జెట్‌లో కొంత భాగానికి పౌరుల నుంచి పనుల సూచనలు తీసుకుంటోంది. లోపాలున్నా ఆ అలవాటు అక్కడ నిలిచింది.

పన్ను కట్టేవాళ్ల వైపు నుంచీ ఒక మాట ఉంది. సమాచార హక్కు చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పది రూపాయల దరఖాస్తుతో వార్డు పనుల బిల్లుల నకళ్లు అడగవచ్చు. కాలనీ సంఘాలు పన్ను పెరిగిన ఏడాది రోడ్డెక్కి, మిగతా నాలుగేళ్లు నిద్రపోతే ఆ బిల్లులు ఎవరూ చూడరు. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మార్గశిర గురువారాల్లో వచ్చే జనం కోసం వీధిని చక్కదిద్దుకోవడంలో, పండగ పందిళ్లు వేసుకోవడంలో ఈ పేటల్లో కనిపించే కట్టుబాటు, చందా లెక్కలు పైసాతో సహా గోడ మీద రాసే పట్టుదల కార్పొరేషన్ లెక్కల దగ్గరికి వచ్చేసరికి కనిపించదు. అమ్మవారి చందాకు లెక్క అడిగినవాడిని ఎవరూ తప్పుపట్టరు.

2021లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2026 మార్చి వరకే. దాని మేయరును 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో దించి మరొకరిని కూర్చోబెట్టినప్పుడు నడిచిన శిబిరాల రాజకీయంలో ఇంటిపన్ను గురించీ, దుమ్ము గురించీ ఎవరూ మాట్లాడలేదు. తర్వాతి కౌన్సిల్‌కు పోటీచేసే ప్రతి అభ్యర్థినీ వన్ టౌన్ ఓటరు రెండు ప్రశ్నలు అడగాలి. వార్డు కమిటీని ఎన్నాళ్లకోసారి కూర్చోబెడతారు? పోర్టు నుంచి ఈ పేటలకు రావలసినది ఎంతని మీరు లెక్కవేశారు? రాజ్యాంగం చెప్పిన గడువు దాటించి మళ్లీ ప్రత్యేకాధికారిని కూర్చోబెడితే, ఈసారి మొదటి నెలలోనే హైకోర్టు తలుపు తట్టాలి. తొమ్మిదేళ్లు ఆగకూడదు.